ఐర్లండు మాటలకు మూల ధ్రువపత్రం

ఐర్లండులో కార్క్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రి ఉంది. అక్కడి వార్డులో ఒక ముసలాయన పాయసం లాంటిదేదో చెంచాతో నోట్లో పెట్టుకుని, పక్కనున్న నర్సు వైపు తిరిగి "డెడ్లీ" అన్నాడు. ఆ నర్సు కాకినాడ నుంచి వెళ్ళి నెల కూడా కాలేదు. డెడ్లీ అంటే ప్రాణాంతకమనే ఆమె చదువుకుంది. గిన్నె లాగేసుకుంది, గంట మోగించింది, తిన్నది కక్కించే ఏర్పాట్లు కూడా మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో డెడ్లీ అంటే "అదిరిపోయింది" అని అర్థమని డాక్టరు పరుగెత్తుకొచ్చి చెప్పేసరికి ముసలాయన చెంచా పట్టుకుని బిక్కచచ్చి కూర్చున్నాడు.

ఆసుపత్రివాళ్ళు మంచివాళ్ళు. నర్సు అప్రమత్తతను మెచ్చుకుని, ఇకమీదట పంపే అమ్మాయిలకు ఇక్కడి వాడుక మాటలు కొన్ని నేర్పి పంపితే బాగుంటుందని ఉత్తరం రాశారు. కొన్ని అనే రాశారు. ఆ ఉత్తరం వెళ్ళి కాకినాడలోని విదేశీ నర్సింగ్ ఉద్యోగాల శిక్షణ మండలిలో పడింది.

మండలి సంచాలకుడు కోదండపాణి. ఆడిట్ శాఖలో జీవితంలో ఎక్కువ భాగం గడిపి, ఇతరుల ఖర్చుల మీద అభ్యంతరాలు రాసీ రాసీ అలసిపోయి ఈ కుర్చీలోకి వచ్చినవాడు. కుర్చీ మారింది గాని చెయ్యి మారలేదు. ఆయన ఆ ఉత్తరాన్ని చదివి, విషయ నిపుణుడు కావాలని పైకి రాశాడు. పైనుంచి ముక్కామల త్రినాథాన్ని పంపించారు.

త్రినాథం ఏజెన్సీ కొండల్లోని ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. భార్య ఉద్యోగమూ కూతురి చదువూ కాకినాడలో. వారానికోసారి ఘాట్ రోడ్డు దిగి ఇంటికొచ్చి, బట్టలు ఉతికించుకుని మళ్ళీ కొండెక్కేవాడు. డిప్యుటేషన్ ఉత్తర్వు చేతికందిన రోజు కాకినాడ మెయిన్ రోడ్డు మీద నిలబడి కాజాలు కొని, దారిలోనే సగం తినేశాడు. పైగా అతనికి మాటలంటే ఇష్టం. ఐర్లండు వాళ్ళ మాటలు వెతికి, అర్థాలు రాసి, ముచ్చటగా తయారుచేశాడు. గ్రాండ్ అంటే ఘనం కాదు, ఫర్వాలేదని. యోక్ అంటే పేరు గుర్తురాని ఏదో వస్తువు. బంజాక్స్‌డ్ అంటే పూర్తిగా పాడైపోయింది. క్రాక్ అంటే సరదా, కాలక్షేపం. అమదాన్ అంటే తెలివితక్కువవాడు.

"ఒక పూటలో నేర్పేయొచ్చండి. పిల్లలు చదువుకున్నవాళ్ళే కదండి" అన్నాడు కోదండపాణి ముందు నిలబడి.

కోదండపాణి కాగితాలు తిప్పి తిప్పి చూశాడు. "అర్థాలు బాగానే ఉన్నాయి మాస్టారూ. ఈ మాటలు ఎక్కడివి?"

"ఐర్లండువండి."

"అది నివాసం. నేను అడుగుతున్నది పుట్టుక."

"కొన్నిటికి తెలుసండి. అమదాన్ వాళ్ళ పాత భాషలోది. చాలావాటికి నిఘంటువుల్లోనే మూలం తెలియదని ఉంటుందండి. జనం నోట్లో పుట్టినవి గదా."

కోదండపాణి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పిల్లాణ్ణి బళ్ళో వేయాలంటే పుట్టినతేదీ పత్రం కావాలి. ఉద్యోగానికి స్థానికత పత్రం కావాలి. మనుషులకే ఇన్ని అడుగుతున్నాం. ఊరూ పేరూ తెలియని మాటను ప్రభుత్వ సొమ్ముతో బోధించి, రేపు ఆడిట్ వారు ఇది ఎవరి మాటయ్యా అని అడిగితే జవాబుదారీ ఎవరు? మీరా, నేనా?"

త్రినాథానికి నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి ఆపుకున్నాడు.

మర్నాడు ఫైలు తిరిగొచ్చింది. "మూలము అను గడియందు 'తెలియదు' అని నమోదు చేయుట కార్యాలయ సంప్రదాయమునకు విరుద్ధము. సదరు గడులను పూరించి, ధ్రువీకరించి, జాప్యము లేకుండ సమర్పించవలెను." దాని కింద ఇంకో వాక్యం. "విషయ నిపుణుని డిప్యుటేషన్ పొడిగింపు ప్రతిపాదన ఇందుమూలముగా పెండింగులో ఉంచడమైనది."

త్రినాథం ఆ రెండో వాక్యాన్ని మొదటిదానికంటే ఎక్కువసార్లు చదివాడు.

ముందు నిజాయితీగానే ప్రయత్నించాడు. క్రాక్ అనేది ఇంగ్లీషు మాటే, పగులు అనే అర్థమున్న మాటకు ఐర్లండువాళ్ళు వేరే అర్థమూ వేరే స్పెల్లింగూ తొడిగారని రాసిచ్చాడు. కోదండపాణి ఒప్పుకోలేదు. "పగులు సరదా ఎలా అవుతుంది? మన కొత్త భవనం గోడకు పగులొస్తే నేను కాంట్రాక్టరు బిల్లు ఆపాను. రేపు అతను ఈ పుస్తకం పట్టుకుని కోర్టుకెళతాడు."

విసిగిపోయిన త్రినాథం ఊరికే అన్నాడు. "అయితే హైదరాబాదు కుర్రాళ్ళు ఏదైనా అదిరిపోతే కిర్రాక్ అంటారు కదండి, అదే సముద్రం దాటి క్రాక్ అయ్యుంటుంది."

అది హాస్యమని అతని ఉద్దేశం. కోదండపాణి నవ్వలేదు. పెన్ను మూత తీసి, గడిలో "కిర్రాక్, తెలుగు" అని స్వహస్తాలతో రాసి, కాసేపు దానివైపే చూశాడు. తర్వాత ఫోను ఎత్తి మండలి అధ్యక్షుడితో మాట్లాడాడు.

అధ్యక్షుడు ఎన్నికల్లో ఓడి ఈ పదవిలో కుదురుకున్న నాయకుడు. తను చెప్పుకోదగ్గ విషయం ఒక్కటైనా ఈ మండలిలో దొరకలేదని బాధపడుతున్న సమయంలో ఈ ఫోను వచ్చింది. సాయంత్రానికి పత్రికలవాళ్ళకు టీలూ సమోసాలూ పెట్టి, "ఐర్లండువారు మన మాటల్ని తీసుకెళ్ళి ఇన్నాళ్ళూ వాడుకుంటున్నారు. మన నర్సులు వెళ్ళడం వలస కాదు, సొంత మాటల్ని వెనక్కి తెచ్చుకోవడం" అని ప్రకటించాడు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఐర్లండు మాటలన్నిటికీ తెలుగు మూలం చూపించాలి. చూపించలేని మాటను సిలబస్ నుంచి తొలగించాలి.

త్రినాథం బంజాక్స్‌డ్‌కు బంజరు భూమిని మూలంగా రాసిన రాత్రి అన్నం సరిగా తినలేకపోయాడు. అమదాన్‌కు ఆముదం రాసేటప్పుడు, ఆముదం తాగినవాడి ముఖం తెలివితక్కువగా ఉంటుంది కాబట్టి అని వివరణ కూడా చేర్చాడు. అది ఐర్లండు పాత భాషా పదమని తెలిసీ రాశాడు. తర్వాత కొంచెం తేలికైంది. యోక్‌కు యోగం, గ్రాండ్‌కు గాండ్రింపు. ఇంకొన్ని మాటలు గడిచాక అతనికే అందులో రుచి పుట్టింది. భోజనం దగ్గర కూతురికి చెప్పి నవ్వించాడు కూడా. డిప్యుటేషన్ పొడిగించారు.

ఈ మూలాలన్నీ పుస్తకంగా అచ్చయ్యాయి, శిక్షణ మొదలైంది. నూరు మార్కుల పరీక్ష. మూలానికి ఎనభై, అర్థానికి ఇరవై. వాడుకకు మార్కుల్లేవు, నోటితో అన్నదానికి రికార్డు ఉండదు కాబట్టి. గ్రాండ్‌కు ఫర్వాలేదని రాస్తే తప్పు, అతిఘనమైనది అని రాస్తేనే మార్కు. ఫర్వాలేదనే మాట మండలి స్థాయికి తగదని కోదండపాణి అభిప్రాయపడ్డాడు. కార్యాలయ సిబ్బంది కూడా గురువారాల్లో ఈ మాటలే వాడాలని సర్క్యులర్ తిప్పారు. వారం తిరక్కుండానే ఇంకో సర్క్యులర్ వచ్చింది. "అమదాన్ అను పదమును ఉన్నతాధికారుల సమక్షమున గాని, వారి గది గుమ్మమునకు వినిపించు దూరమున గాని ఉచ్చరించరాదు." ఏ తరగతికీ రాకుండానే సిబ్బంది అందరికీ క్షుణ్ణంగా వచ్చిన మాట అదొక్కటే.

శిక్షణకు వచ్చిన నర్సుల్లో గెడ్డం ఎస్తేరు ఉంది. మలికిపురం దగ్గర లంక ఊరు. ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసి వచ్చింది. అక్కడ తాగివచ్చినవాళ్ళనూ కొట్టుకుని వచ్చినవాళ్ళనూ పడుకోబెట్టి కుట్లు వేయించిన పిల్ల కావడంతో ఎవరి ముందూ గొంతు తగ్గేది కాదు.

"మాస్టారండీ, ఫోన్లో నిఘంటువు చూత్తే బంజాక్స్‌డ్‌కి మూలం తెలీదని ఉందండి. తమరేమో బంజరంటన్నారు."

"పరీక్షలో బంజరని రాయి తల్లీ."

"నిజం ఏదండి మరి?"

"పరీక్ష అయ్యాక మాట్లాడుకుందాం."

తరగతంతా నవ్వింది. త్రినాథమూ నవ్వాడు. ఎస్తేరు మాత్రం నవ్వకుండా కూర్చుంది.

పరీక్షలో ఆమె చాలా మాటల మూలానికి ఎదురుగా "తెలియదు" అని రాసింది. అమదాన్‌కు "ఐర్లండు పాత భాష" అనీ, క్రాక్, గ్రాండ్ మాటలకు "ఇంగ్లీషు" అనీ రాసింది. గ్రాండ్‌కు ఫర్వాలేదు అని అర్థం రాసింది. త్రినాథం దిద్దాడు. కీ ప్రకారం మూలాల్లో సున్నా. తను తయారుచేసిన కీ అది. సున్నాలు వేస్తుంటే ఎర్ర పెన్ను ఎందుకో సరిగా రాయలేదు. రెండుసార్లు విదిలించి, మళ్ళీ వేశాడు.

ఈలోగా కార్క్ నుంచి నర్సుల్ని ఎంపిక చేయడానికి ఒక పెద్ద నర్సమ్మ వస్తోందని తెలిసింది. రాజమండ్రి విమానాశ్రయానికి దండతో, బోర్డుతో కారు పంపారు. బోర్డు పట్టుకున్న డ్రైవరు తెల్లవాళ్ళెవరూ దిగకపోవడంతో ఖాళీ కారు తిప్పుకొచ్చాడు. వెనకే ఒక ఆటోలోంచి తెల్లజుట్టు, చామనచాయ, కాటన్ చీర ఉన్న ఆవిడ దిగి, తన పేరు ఏలియమ్మ అనీ, కొట్టాయం నుంచి వెళ్ళి కార్క్‌లో స్థిరపడిపోయాననీ చెప్పుకుంది. కోదండపాణి ఆవిడ గుర్తింపు కార్డును రెండువైపులా చూసి, "మీ మూలం..." అని ఆగాడు.

"కొట్టాయం అన్నాను కదా" అంది ఆవిడ ఇంగ్లీషులో, అచ్చం కార్క్ వాళ్ళ యాసతో.

గోడల మీద రంగుల పటాలు వేలాడుతున్నాయి. బంజరు భూమిలోంచి బాణం గుర్తు ఐర్లండు దాకా వెళుతోంది. ఏలియమ్మ వాటిముందు చాలాసేపు నిలబడింది. చివరికి "గ్రాండ్" అని కుర్చీలో కూర్చుంది. కోదండపాణి చేతులు జోడించి, ఆ మాటను 'అతిఘనమైనది' అని మినిట్స్‌లో ఎక్కించమని గుమస్తాకు సైగ చేశాడు.

ఇంటర్వ్యూలో ఆవిడ మార్కుల జాబితా పక్కన పెట్టి, అందరినీ ఒకటే ప్రశ్న అడిగింది. "పేషెంటు తన చేతికి పెట్టిన సెలైన్ మిషను వైపు చూపించి, ఈ యోక్ బంజాక్స్‌డ్ అన్నాడు. మీరేం చేస్తారు?"

మొదట లోపలికెళ్ళిన అమ్మాయి మండలి పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల. ఊపిరి పీల్చుకుని, "యోక్ అనగా యోగం. బంజాక్స్‌డ్ అనగా బంజరు. పూర్వము కళింగ తీరమునుండి ఓడలెక్కిన రైతులు..." అని మొదలుపెట్టింది. ఏలియమ్మ చెయ్యెత్తి ఆపబోయింది. ఆ పిల్ల ఆగలేదు. మధ్యలో ఆగితే మర్చిపోతానని భయం. తర్వాత వచ్చినవాళ్ళంతా అదే చెప్పారు. రైతులు మాత్రం ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రేవునుంచి ఓడెక్కారు. ఊహల్లోని ఆ పేషెంటు చెయ్యి ఏమైనా వాచిందా అని ఒక్కరూ అడగలేదు. మూల కూర్చున్న త్రినాథం ఆ మాటలన్నీ తన గొంతులో వింటున్నట్టే విన్నాడు.

ఎస్తేరు వచ్చింది. ప్రశ్న వింది. "ముందు మిషను ఆపేత్తానండి. సూది పక్కకి పోయి చెయ్యి వాచిందేమో చూత్తాను. వాచకపోతే మిషనే పాడైందని వేరేది తెప్పిత్తాను" అని తెలుగులో అనేసి, నాలిక కరుచుకుని మళ్ళీ ఇంగ్లీషులో చెప్పింది.

ఆ రోజు ఎంపికైంది ఎస్తేరు ఒక్కతే. మిగతా అమ్మాయిలతో ఏలియమ్మ దయగానే చెప్పింది. "మీకు పని బాగా వచ్చు. ఈ పాఠాలు మర్చిపోయాక మళ్ళీ రండి."

అంతటితో కథ అయిపోవాల్సింది. కాని మండలి ద్వారా విదేశం వెళ్ళే నర్సుకు ఆ మండలే అభ్యంతరం లేదని పత్రం ఇవ్వాలి. పరీక్ష తప్పినవాళ్ళకు ఇవ్వకూడదు. ఎస్తేరు పరీక్ష తప్పింది.

ఆమె త్రినాథం గదికి వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా పేపరు తమరే దిద్దారంట కదండి."

"కీ ప్రకారం దిద్దానమ్మా."

"కీ ఎవరు రాశారండి?"

అతను ఎర్ర పెన్నును సొరుగులోకి తోశాడు.

"మా నాన్న రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడండి. నేను పంపే డబ్బుల కోసం కాదు, నేను విమానం ఎక్కుతానని ఊరందరికీ చెప్పుకున్నాడు. అబద్ధం రాసుంటే ఎక్కేదాన్ని గదండి. పరీక్ష అయ్యాక నిజం మాటాడుకుందామన్నారు. అయిపోయింది. చెప్పండి మరి."

త్రినాథం కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "మూలం తెలియదు. నువ్వు రాసిందే ఒప్పు. అమదాన్ కూడా ఒప్పే."

"అది నాకు చెప్తే ఏం లాభమండి" అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అతను నోటు పెట్టాడు. ఈ మాటల్లో చాలావాటి మూలాలు తెలియవనీ, పుస్తకంలోవి తన కల్పనలనీ, ఎస్తేరు జవాబులే సరైనవనీ రాసి సంతకం చేశాడు. ఇంట్లో సంగతి చెబితే భార్య వండుతున్న కూర దించి, "నిజం చెప్పడానికి పిల్ల పదో తరగతి అయ్యేదాకా ఆగలేకపోయారా" అంది. ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు.

కోదండపాణి నోటును తొందరపాటు లేకుండా చదివాడు. "తెలియదు అన్నదే సరైన జవాబైతే, మండలి ఇన్నాళ్ళూ తెలియనిదాన్ని బోధించిందని అర్థం. అలాంటి అర్థం వచ్చే జవాబు సరైనది కాజాలదు."

"నిజంగానే తెలియదండి."

"తెలియదని మీరెలా చెప్పగలరు? మీకు తెలియకపోవచ్చు. అక్కడివారికి తెలియవచ్చు. తెలియదు అనడానికి కూడా అధికారం ఉన్నవారి ధ్రువపత్రం ఉండాలి కదా."

ఆ విధంగా కార్క్ ఆసుపత్రికి ఒక అధికారిక లేఖ వెళ్ళింది. జాబితాలోని సదరు పదముల మూలము తెలియదని స్థానిక సమర్థ అధికారి ద్వారా ధ్రువీకరించి పంపవలసిందని. ఏలియమ్మ నుంచి జవాబు వచ్చింది. డాక్టర్లనూ రోగులనూ క్యాంటీనువాళ్ళనూ చర్చి ఫాదరునూ అడిగాననీ, ఎవరికీ తెలియదనీ, తెలియకుండానే అందరూ హాయిగా మాట్లాడుకుంటున్నారనీ, దయచేసి ఆ అమ్మాయిని పంపించమనీ రాసింది. కోదండపాణి దానిమీద ఇలా రాశాడు. "ఎవరికీ తెలియదు అని తెలిపినవారి హోదా తెలియరాలేదు. తిరస్కరించడమైనది."

ఎస్తేరు ఇంక ఆగలేదు. ఏలియమ్మ ఇచ్చిన నంబరు పట్టుకుని కొచ్చిలోని ఒక విదేశీ ఉద్యోగాల ఏజెన్సీకి వెళ్ళింది. వాళ్ళు ఆమెను ఏ మాట మూలమూ అడగలేదు. కాగితాలు సరిచూసి విమానం ఎక్కించేశారు. తండ్రి కొచ్చి దాకా వెళ్ళి, విమానాశ్రయం లోపలికి రానివ్వకపోతే బయట అద్దంలోంచి చూసి వచ్చాడని తర్వాత ఆమె ఫోను చేసినప్పుడు త్రినాథానికి తెలిసింది.

త్రినాథానికి ఛార్జి మెమో వచ్చింది. మండలి ప్రచురణను కించపరిచినందుకూ, తెలియదని బహిరంగంగా ఒప్పుకుని సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకూ సంజాయిషీ ఇవ్వాలి. డిప్యుటేషన్ రద్దయింది. సూట్‌కేసు సర్దుకుని మళ్ళీ కొండెక్కాడు.

కొన్ని నెలలు గడిచాయి. మంత్రిగారి సమీక్షా సమావేశం దగ్గరపడింది. మండలి ద్వారా ఈ ఏడు ఎందరు నర్సులు విదేశాలకు వెళ్ళారన్నది మొదటి ప్రశ్న. జవాబు సున్నా. పాసైనవాళ్ళను ఎవరూ తీసుకోలేదు. వెళ్ళిన ఒక్కతీ ఫెయిలైంది. ఆమె శిక్షణ పొందింది మండలిలోనే అన్నది మాత్రం వాస్తవం; పాసైనట్టుంటే మండలి లెక్కలోకే వస్తుంది.

కోదండపాణి కారు పంపించి త్రినాథాన్ని కొండ మీదనుంచి దింపించాడు. కాఫీ తెప్పించాడు. ఎస్తేరు పేపరు ముందు పెట్టాడు.

"పునర్మూల్యాంకనం చేయాలి మాస్టారూ. మీరు అప్పట్లో పెట్టిన నోటు చాలా విలువైనది. అదే మనకు ఆధారం."

"తెలియదని రాసింది ఒప్పేనంటారా అండి?"

"మీరే నిరూపించారు కదా."

"బంజరని రాసి పాసైనవాళ్ళో?"

"వాళ్ళదీ ఒప్పే. ప్రశ్నకు రెండు జవాబులు ఉండకూడదని నియమం ఏదీ లేదు. చూశాను."

త్రినాథం పేపరు తీసుకున్నాడు. తను వేసిన సున్నాలన్నీ కొట్టేసి, పక్కన పూర్తి మార్కులు వేసుకుంటూ వచ్చాడు. గ్రాండ్ దగ్గర ఫర్వాలేదు అన్నదానికీ వేశాడు. చివర మొత్తం కూడి సంతకం పెట్టాడు. ఈసారి పెన్ను బాగానే రాసింది. పేపరు తిరిగిస్తూ అడిగాడు.

"మరి నా ఛార్జి మెమో ఎత్తేస్తారాండి? అదీ ఈ నోటు మీదే కదా."

కోదండపాణి పేపరును జాగ్రత్తగా అట్టలో పెట్టి దారం ముడి వేశాడు. "అది వేరే ఫైలు మాస్టారూ. ఈ ఫైల్లో మీ నోటు ఒప్పు. ఆ ఫైల్లో తప్పు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసే అధికారం నా స్థాయిలో లేదు."

దింపడానికి కారు వచ్చింది గాని, ఎక్కించడానికి కారుకు మంజూరు లేదు. త్రినాథం సూట్‌కేసు పట్టుకుని బస్టాండుకు నడిచివచ్చి, బల్ల మీద కూర్చుని, ఎస్తేరుకు ఫోను చేశాడు. వెనకనుంచి వార్డు చప్పుళ్ళు వినిపించాయి.

"నువ్వు పాసయ్యావమ్మా. నూటికి నూరు."

"ఇప్పుడాండి? ఏం పనిబడిందండి వాళ్ళకి నాతో?"

"మంత్రిగారికి లెక్క చెప్పాలట."

ఆమె నవ్వింది. అటునుంచి ఎవరో పిలిచారు. వస్తున్నానని ఆమె వాళ్ళ యాసలోనే కేకేసి, "మరి తమరి సంగతేం చేశారండి?" అని అడిగింది.

ప్లాట్‌ఫారం మీదికి ఏజెన్సీ బస్సు వచ్చి ఆగింది. జనం అప్పటికే కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరి సీట్లు పట్టుకుంటున్నారు.

"నా బస్సు వచ్చిందమ్మా, ఉంటాను" అని త్రినాథం సూట్‌కేసు అందుకుని పరుగెత్తాడు.